ఆపమని చెప్పే ప్రోటీన్

"రెండు నిమిషాలు మాట్లాడమంటే మీ అమ్మాయి ఇరవై రెండు నిమిషాలు మాట్లాడిందండీ! నాలుగుసార్లు గంట కొట్టాను," అంది టీచరు, బల్లమీది గంట చూపిస్తూ.

పక్కనే తల వంచుకుని నిలబడ్డ అమ్మాయిని సైంటిస్టు కళ్లెర్రజేసి చూశాడు. "దేని గురించి?"

"పిండి పొంగించే ఈస్టు గురించిట."

తన సబ్జెక్టే! పిల్లను మందలించడానికొచ్చిన మనిషి కాస్తా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఈస్టు కణంలో ప్రోటీన్లు తయారవుతుంటాయి కదండీ. 'ఇక్కడితో ఆపు' అని చెప్పడానికి ఒక ప్రోటీన్ ఉంటుంది. అదే వంకరపోయి ముద్దకట్టిందనుకోండి, ఆపేవాడు లేక కణం ఆగాల్సిన చోట ఆగదు. తప్పుల తడకలుగా పొడుగు ప్రోటీన్లు అల్లుకుంటూ పోతుంది. పైగా ఒకటి వంకరపోతే పక్కవీ..."

టీచరు గంట కొట్టేసరికి పావుగంట గడిచిపోయింది. ఆగకపోవడం మీద ఇరవయ్యేళ్లుగా పరిశోధన చేస్తున్న మనిషి నాలుక కరుచుకున్నాడు.

"పోలిక ఎక్కడికి పోతుందిలెండి, మీ రక్తమేగా!" అంది టీచరు.

ఆయన గొంతు తగ్గింది. "నా రక్తం కాదండీ. వాళ్లమ్మ నన్ను చేసుకునేనాటికే దీనికి ఆరేళ్లు."

అమ్మాయి అప్పుడు తలెత్తింది.

"రక్తం అక్కర్లేదు టీచర్. ఈస్టులో జన్యువులేమీ మారకుండానే ఆ వంకర పిల్లకణాలకి వచ్చేస్తుంది. పక్కన ఒక వంకరది ఉంటే చాలు. కదా నాన్నా?"

ఆయన కుర్చీ అమ్మాయి వైపు తిప్పుకున్నాడు. "చాలు. కాకపోతే, అందులో ఇంకో సంగతుందమ్మా..."

టీచరు మళ్లీ గంట కొట్టింది. ఈసారి ఇద్దరూ ఆగలేదు.