ఇరవై సంతకాలు

పాఠకులారా, పక్కవాళ్లు చెడిపోతారంటూ మీ లైబ్రేరియన్ చేత పుస్తకాలకు తాళం వేయిస్తున్నది మీరే.

వద్దంటూ ఇరవై సంతకాలు పడితే ఏ పుస్తకమైనా తాళం బీరువాలోకి పోవాలన్నది మా లైబ్రరీ నియమం. భార్యాభర్తలు విడిపోయే ఒక నవలకు నిన్నటికి పద్దెనిమిది పడ్డాయి.

ఉదయం టైలరు వచ్చి సంతకం పెట్టాడు. “నాకేం కాదు మేడమ్, రెండుసార్లు చదివా. మా ఆవిడ చదివితేనే కొంప మునుగుతుంది!”

మధ్యాహ్నం ఆయన భార్య వచ్చింది. “నేను గట్టిదాన్నేనమ్మా. మా ఆయనే, ఎవరేం చెప్తే దానికి తల ఊపే రకం. ఇటివ్వండి పెన్ను.”

ఇరవై నిండాయి. నవలకు నేనే తాళం వేశాను.

నా డిమాండ్లు ఇవి:

ఆ నవల మళ్లీ అరలోకి రావాలి.

సంతకం పెట్టేవారు, అది చదివి తామెలా చెడిపోయారో ముందు రాయాలి.

“నన్ను వదిలేసి పోతావా?” అనే ప్రశ్న ఇంట్లో అడగాలి, నా బల్ల దగ్గర కాదు.