రక్తసంబంధం లేని మనిషి

వీరాస్వామి పెద్దకర్మ భోజనాలయ్యాక, ఈ రోజుల్లో అందరిళ్ళలోలాగే, జన్యుకేంద్రం ఉద్యోగి యంత్రం పట్టుకొచ్చాడు. కేంద్రం మంచుగదిలో దాచిన వీరాస్వామి రక్తాన్ని పరిశోధనకి వాడాలంటే రక్తసంబంధీకులంతా ఒప్పుకోవాలి. తమ్ముళ్ళిద్దరూ వేలిముద్ర వేశారు. వణుకుడు జబ్బుతో మంచానపడ్డ మనిషికి పన్నెండేళ్ళు అన్నం తినిపించిన భార్య నాంచారమ్మ కూడా చెయ్యి తుడుచుకుని ముందుకొచ్చింది.

"మీది అక్కర్లేదమ్మా. మీకు ఆయనతో రక్తసంబంధం లేదుగా" అన్నాడతను ఇబ్బందిగా.

ఆమె చాచిన చేతిని కొంగులో దాచుకుంది.

ఆఖరున కూతురు తులసి వంతొచ్చింది. వేలు యంత్రం దాకా తెచ్చి ఆగిపోయింది.

"నాలో సగం మా అమ్మేగా. ముందు ఆవిణ్ణి అడగండి. ఆవిడ సరేనంటేనే నేను వేస్తాను."

ఉద్యోగి లేచి నాంచారమ్మ దగ్గరికెళ్ళి అడిగాడు.

"తీసుకోండి బాబూ. ఇంకొకరికి ఆ బాధ రాకూడదు" అందామె. అతను వెనక్కి తిరగబోతుంటే, "మీవాళ్ళకి చెప్పండి, ఆయనకి చలి పడదు" అంది.