పిన్ని దేశం మార్చాను

ఈ రోజు మధ్యాహ్నం మా సింహాలు పిన్ని వాంతులు చేసుకుంటూ వాకిట్లో కూలబడింది. ఊపిరిలో మాగిన పండు వాసన. అందరికీ ఉన్నట్టే ఆమె చేతికీ ఉన్న ఆరోగ్య పట్టీ, రక్తంలో చక్కెర 486 అని చూపించి, "మీ దేశపు నిబంధన ప్రకారం మీరే ఆసుపత్రికి వెళ్ళాలి. దూరం అరవై కిలోమీటర్లు" అంది.

దేశాన్ని బట్టే నిబంధన అయితే అని, నేను పట్టీలో దేశం మార్చి నార్వే అని పెట్టాను. వాళ్ళ కొలతలో అంకె 27 అయింది. రక్తం మాత్రం అదే. పది నిమిషాల్లో ఎగిరే నర్సు యంత్రం వచ్చి సెలైన్, ఇన్సులిన్ ఎక్కించింది. అది వచ్చింది నార్వే నుంచి కాదు. మా మండలంలోనే విదేశీ యాత్రికుల కోసం కట్టిన షెడ్డు నుంచి! నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఆరోగ్య కార్యకర్త ఎర్నమ్మత్త వచ్చి అరిచింది. "ఏటే, మీ పిన్ని నార్వే ఎప్పుడెల్లిందే? నోట్లో నాలిక లేని పిల్లవనుకున్నాను!"

"ఆ షెడ్డు ఇక్కడే ఉందని మాకెందుకు సెప్పలేదత్తా?" అని గట్టిగా అడిగాను, క్లాసులో హాజరు కూడా సరిగ్గా పలకని నేను.

 ఆమె పట్టీ ఉన్న తన చెయ్యి నా ముందుకు చాపింది.

"నాకూ సుగరుందే. మార్సు."