ప్లగ్గు పీకిన మామగారు

రూటర్ ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టి, ఫోటో స్టూడియో పెద్దాయన కోడలికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, సర్వర్ మళ్ళీ మాయమైంది. కౌంటర్ మీది కంప్యూటర్‌కి దొరకట్లేదు."

"వస్తున్నా మామయ్యా," అంది కోడలు. ఎప్పుడూ అంతే. ఏమైంది, ఎలా అయింది అని ఆరా తీయదు.

పెద్దాయన కంప్యూటర్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా టీ పెట్టడానికి వెనకగదిలోకి వెళ్ళాడు. ఉత్తుత్తి అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు. అందుకే నిజంగానే ప్లగ్గు పీకుతాడు. ఆ లినక్స్ సర్వర్ కొడుకు పెట్టింది. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళ ఫోటోలు అందులోనే ఉన్నాయి. కొడుకు జబ్బుచేసి పోయాక కోడలు వేరే వీధిలో గది తీసుకుంది. నెట్‌వర్కులు బాగుచేయడం ఆమె ఉద్యోగం. ఓసారి కరెంటు పోయి వచ్చాక నిజంగానే సర్వర్ దొరక్కపోతే ఆమెనే పిలిచాడు. రూటర్ ఆగి లేస్తే సర్వర్‌కి కొత్త నెంబరు ఇస్తుందని, పాత నెంబరు పట్టుకుని వెతికే కంప్యూటర్ దారి తప్పుతుందని ఆ రోజే చెప్పింది. మారకుండా రాసిపెట్టుకునే ఉపాయం ఉందని కూడా చెప్పింది గానీ, ఆ ముక్క మాత్రం ఆయన విననట్టే ఊరుకున్నాడు. మనిషి రావడానికి ఓ వంక కావాలిగా మరి!

ఈరోజుతో ఆ వంకకు మంగళం పాడాలని గట్టిగా అనుకున్నాడు. వచ్చే నెల కోడలికి మళ్ళీ పెళ్ళి. వద్దు మొర్రో అంటున్న పిల్లను ఒప్పించింది ఆయనే. కొత్త కాపురంలోకి పాత మామగారు అస్తమానం ఫోన్లు చేస్తే ఏం మర్యాద? ఈలోగా టీ కాస్తా పొంగిపోయింది.

కోడలు వచ్చి, బ్యాగు కుర్చీకి తగిలించి, సర్వర్ ముందు కూర్చుంది.

"మాటిమాటికీ ఈ గోల వద్దమ్మాయ్. ఆ నెంబరు ఇక మారకుండా పెట్టెయ్."

ఆమె చటుక్కున తిరిగి చూసింది. "మారకుండానా?"

"నువ్వే అన్నావుగా. రూటర్ ఇచ్చేది లాడ్జిలో గది లాంటిది, మనం రాసిపెట్టుకుంటే సొంతిల్లు అని. ఆ సొంతిల్లేదో ఇప్పించెయ్."

"అంటే ఇక నన్ను పిలవరన్నమాట."

"బాగున్నదానికి ఎవరైనా మనిషిని పిలుస్తారా? నీకు బోలెడు పనులుంటాయి. నా చాదస్తం ఇక చాలు."

కోడలు సర్వర్ వైపు తిరిగింది. నల్లటి తెర మీద సెట్టింగుల ఫైలు తెరిచింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ఇదేమిటి?"

"సర్వర్ నెంబరు. రూటర్ మిగతావాళ్ళకు పంచే నెంబర్లలో లేనిది ఎంచుకోవాలి. లేకపోతే ఒకే నెంబరు కోసం ఇద్దరు కొట్టుకుంటారు."

"దాని కింద?"

"గేట్‌వే. బయటికెళ్ళే గుమ్మం అనుకోండి."

ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పాపం, ఈ పిల్లకీ మనసొప్పడం లేదు కాబోలు అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనబడకుండా టీ తెచ్చే మిషతో లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆమె తెర ఆపేసి కూర్చుంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది మామయ్యా."

"ఇంత సులువా!"

తన గ్లాసు నోట పెట్టుకున్నాక గానీ పంచదార వేయలేదని ఆయనకు తెలియలేదు. కోడలు అప్పటికే సగం తాగేసింది.

బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"వచ్చే ఆదివారం ఫోన్ చేయండి. కాబోయే ఆయన్ని కూడా తీసుకొస్తాను."

"ఏమని చేయనమ్మా?" పెద్దాయన గ్లాసులోకి చూశాడు. "నెంబరు ఇక మారదుగా."

కోడలు వెనక్కి వచ్చి ఆయన చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుంది.

"అది మొదటిసారి బాగుచేయడానికి వచ్చినరోజే మారకుండా పెట్టేశాను మామయ్యా."