అత్తగారి రెప్పల ఖరీదు

ఈ కథలో ఆవగింజంత కల్పన కూడా లేదు. కావాలంటే పందెం!

కనురెప్పల ఆపరేషన్ ఖర్చు కనుక్కుందామని కోడలు తీసుకొస్తే, అత్తగారు డాక్టరు ఎదుటే గురక పెడుతోంది. ఆవిడ రెప్పలు ఎప్పుడూ సగం దించిన షట్టర్లే.

"మా బట్టలకొట్లో గల్లాపెట్టె దగ్గరా ఇంతేనండీ. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను," అంది కోడలు.

డాక్టరు గొంతు తగ్గించాడు. "పైవాటితోపాటు కింది రెప్పలూ బిల్లులో కలిపేద్దాం. ఆవిడకేం తెలుస్తుంది?"

"తెలిసేంత తెలివుంటేగా!" కోడలు మూతి తిప్పింది.

గురక ఆగింది.

"కిందివి బాగానే ఉన్నాయి నాయనా. నీ లెక్కే బాగాలేదు," అంది అత్తగారు. "నేను నిద్రపోతున్నాననుకుని, కొనేవాళ్లు ఎంతదాకా పెట్టొచ్చో నా ముందే చెప్పుకుంటారు. కొట్టు నడిచేది ఈ రెప్పల చాటునే. ఇవి కోసేస్తే ఆ రాబడి నువ్విస్తావా?"

ఆవిడ లేచింది.

"పదవే అమ్మాయ్. రోజూ నా పక్కనే నిలబడి, ఫోన్లో మీ అమ్మకు చెబుతావే కునికే మొద్దని, ఆ మొద్దు ఇంటికెళ్తుంది."

ఇన్నేళ్లుగా గల్లాపెట్టె పక్కన తను వాగిందంతా కోడలికి వరసగా గుర్తొచ్చింది.

"అత్తయ్యా, ఆపరేషన్ చేయించుకోండి. మీ కాళ్లు పట్టుకుంటాను. ఖర్చంతా నాదే!"

"వద్దులే. నువ్వు భరించలేవు."

పందెం నేనే ఓడిపోయాను. ఆ గురక నేను కలిపిందే. ఆవిడ ఊరికే కూర్చుంది, అంతే.