గుండంటే గుండే

నరసింహమూర్తిగారి లెక్కలో ఈ భూమ్మీద మనుషులు ఇద్దరే. ఒకరు ఆయన. రెండోవారు అద్దంలో ఆయన. మిగతావన్నీ ఈగలు, దోమలు, జనం.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆయన దెందులూరు నుంచి గుర్రబ్బండిలో ఏలూరు వచ్చారు. దారి పొడుగునా చీదరించుకుంటూనే ఉన్నారు. గుర్రం గాడిదలా నడుస్తోందన్నారు. కాలవ కంపు కొడుతోందన్నారు. బజార్లో సగం కొట్లు మూసి ఉండడం చూసి, "పట్టపగలు ఎక్కడ ఊరేగుతున్నారో వెధవలు!" అన్నారు.

నన్నే సాహెబ్ కొట్టు మాత్రం తెరిచే ఉంది. తాళాలు, కుట్టు మిషన్లు, తుపాకులు బాగుచేసే కొట్టు అది. లోపల గోనెపట్టా మీద ఒకడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మూర్తిగారు వాడి మొహం చూడలేదు. పనివాళ్ళ చేతులే తప్ప మొహాలు చూసే అలవాటు ఆయన వంశంలోనే లేదు.

"ఏమోయ్ సాయిబూ! పని పడింది, లే."

"అయ్యా, నేను చెప్పేదేంటంటేనండీ..."

"చెప్పడానికి నేనున్నాను. నువ్వు నోరు ముయ్యి."

వాడు మూశాడు.

మూర్తిగారు మూట విప్పారు. అందులో తండ్రిగారి నాటి రివాల్వరు ఉంది. దాని లావు ఏం చెప్పను! ఓ వేసవిలో దాని గొట్టంలో పిచిక గూడు పెట్టి, పిల్లల్ని కూడా లేపిందట. పక్కన ఖాళీ తూటాలున్నాయి. వాటి అడుగున, మీట దెబ్బకి నిప్పు రాజేసే చిన్న టోపీలు మాత్రం కొత్తవి. ఇంకో పొట్లంలో సీసపు గుండ్లు. అవి ఆయన బావమరిది తన చిన్న రివాల్వరు కోసం తెప్పించుకున్నవి. అసలు తూటాలు మద్రాసు నుంచి రావాలి. ఈయనకేమో రేపటికే కావాలి.

"ఈ గుండ్లు ఆ తూటాల్లో పెట్టి, మందు కూరి ఇయ్యి."

వాడు ఓ గుండు తీసి తూటాలో వేశాడు. బిందెలో గోలీ వేసినట్టు టంగుమని అడుక్కి పోయింది.

"ఇవి వేరే తుపాకీవండీ. సన్నం. వదులైపోతాయండీ."

"గుండంటే గుండే! నాకు నేర్పొచ్చావా? వదులైతే ఏదో ఒకటి చుట్టి బిగించు."

వాడు మొలలోంచి దారపుండ తీశాడు. గుండు చుట్టూ వరస తప్పకుండా, ఒద్దికగా చుట్టడం మొదలెట్టాడు. చుడుతూ చుడుతూ అడిగాడు.

"ఎవరి మీదకండీ, ఇంత సరంజామా?"

"కొల్లేట్లో సూర్రావని ఓ చేపలోడున్నాడు. కాలవకి అడ్డంగా నేను కట్ట వేయిస్తే రెండుసార్లు తెగ్గొట్టాడు. వాళ్ళ దోనెలు పోవాలట! దోనెలు ఆగితే పిల్లలు పస్తులట! ఉండమను, పస్తులేగా. రేపు పొద్దున్న మళ్ళీ వేయిస్తున్నాను. అడ్డమొచ్చాడా, కాల్చి ఆ కట్టలోనే పూడ్చేస్తాను."

దారం చుట్టే చెయ్యి కాసేపు ఆగింది.

"ఆ సూర్రావు ఎలా ఉంటాడండీ?"

"చేపలోళ్ళ మొహాలు చూసి గుర్తుపెట్టుకోడానికి నాకు వేరే పనేం లేదనుకున్నావా? పిలిస్తే పలికినవాడే సూర్రావు."

"అదీ నిజమేనండీ."

మళ్ళీ చెయ్యి కదిలింది.

మూర్తిగారు చేతికర్రతో కొలిమి పక్కనున్న డబ్బా చూపించారు. "మందు అదేగా? ఆ నల్ల డబ్బాలోది?"

వాడు డబ్బా వంక చూశాడు. ఆయన వంక చూశాడు.

"మీరు మందంటే మందేనండీ."

"మరింకా చూస్తావేం? దట్టించి కూరు!"

వాడు దట్టించి కూరాడు. గుండ్లు బిగించాడు. తూటాలన్నీ గుడ్డలో మూటకట్టి రెండు చేతులా అందిస్తూ, "ఇప్పుడైనా ఓ మాట చెప్పమంటారాండీ?" అన్నాడు.

"నోరు ముయ్యమన్నానా!"

మూర్తిగారు బండెక్కారు. ఏలూరు మొత్తం మీద బుర్రున్నవాడు ఒక్కడూ లేడని బండివాడికి చెప్పారు. బండివాడూ ఏలూరివాడే.

మర్నాడు పొద్దున్నే కొల్లేటి గట్టున కూలీలు మట్టి తట్టలు మోస్తున్నారు. ఇంతలో తాటి దోనెలు బారులు తీరి వచ్చేశాయి. మూర్తిగారు కట్టెక్కి, రివాల్వరు ఎత్తి పట్టుకున్నారు.

"ఎవడ్రా సూర్రావు?"

తలపాగా చుట్టుకున్న ఒకడు దోనె దిగాడు. "వెళ్ళకయ్యా, నీకు దండం పెడతాను!" అని వెనకనుంచి వాడి పెళ్ళాం రత్నం గోలుగోలున ఏడ్చింది. వాడు వినలేదు. మోకాటి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి, ఆయనకి ఎదురుగా నిలబడ్డాడు.

ఈసారీ మూర్తిగారు మొహం చూడలేదు. రొమ్ము చూశారు. గురిపెట్టారు. మీట నొక్కారు.

తుస్సుమంది.

గొట్టంలోంచి బుస్సున కొలిమి బొగ్గుపొడి లేచి ఆయన తెల్ల మీసాన్ని నల్లగా చేసింది. ఆ వెనకాల గుండు తీరిగ్గా బయటికొచ్చి, ఆయన చెప్పు పక్కనే పడి, దారం విప్పుకుంటూ కట్ట కిందికి దొర్లిపోయింది. రెండోదీ అంతే. మూడోది గొట్టంలోనే కునుకు తీసింది.

కొల్లేటి జనం నవ్విన నవ్వుకి అక్కడి కొంగలన్నీ లేచి ఆకివీడులో వాలాయట! తట్టలు మోసే కూలీలు కూడా తట్టలు పారేసి నవ్వారు. నవ్వు ఆపుకోలేక బండివాడు గుర్రం మెడ కావలించుకున్నాడు.

మూర్తిగారు గంతులేశారు. "ఆ నన్నే సాహెబు గాడి తోలు వలిచేస్తా! నన్నే మోసం చేస్తాడా, తలమాసినవాడు!"

ఎదురుగా ఉన్నవాడు వంగి గుండు తీసి, విడిపోయిన వలదారం మళ్ళీ వరస తప్పకుండా చుట్టి, రెండు చేతులా అందిస్తూ, "పాపం, ఆయన్ననకండీ, నన్నే సాహెబు గారు జుమ్మా నమాజుకెళ్ళారు, వచ్చేదాకా నన్ను కొట్టు చూస్తుండమన్నారని చెప్పబోతే తమరే నోరు ముయ్యమన్నారు కదండీ" అన్నాడు సూర్రావు.