గోడ మీది చొక్కా ముక్క

"నలభై డాలర్లలో ఈ తుపాకీకి కొత్త గొట్టం వేసిపెట్టు పెద్దమ్మా. ఈ నవంబరులో జింకను కొట్టి డ్వేన్ బావ నోరు మూయించకపోతే నా పేరు ఆర్లెన్ కాదు!"

గుడ్రన్ కళ్ళజోడు సర్దుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో తుపాకులు బాగుచేసేది ఆవిడే. "నలభైకి గొట్టం కాదురా, గొట్టం తుడిచే గుడ్డ వస్తుంది. ఇంతకీ ఏమైంది?"

"గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి, పేరు రాసి మా వేట శిబిరం గోడకి కొడతారుగా. నావి రెండు వేలాడుతున్నాయి. మొదటిది నా తొందరే. నిరుడు మాత్రం ఇంటి దగ్గర గురి సరిచూసుకునే వెళ్ళాను. అక్కడ కాలిస్తే గుండు మూరెడు ఎడమకి పోయింది. కత్తెర పట్టుకుని బావ ఎంత నవ్వాడనుకున్నావ్!"

"ఒక డాలరు నోటివ్వు."

ఆవిడ నోటును గొట్టానికీ కింది చెక్కకీ మధ్య దూర్చి లాగింది. సాఫీగా జారాల్సిన నోటు సగంలో ఆగిపోయింది. మరలు విప్పి చెక్క ఊడదీస్తే, మడతపెట్టిన నీలిగళ్ళ గుడ్డ పీలిక రాలిపడింది.

"ఇదే గొట్టాన్ని పక్కకి నెడుతోంది."

ఆర్లెన్ ఆ గళ్ళను గుర్తుపట్టాడు. గోడ మీద తన మొదటి చొక్కా ముక్కకి ఒక మూల లేదు. ఎలుకలు కొరికాయని చెప్పింది బావే. తుపాకులన్నీ ఆ గోడకే ఆనించి ఉంటాయి.

"గొట్టం బంగారంలా ఉంది. ఖర్చేమీ లేదు, పో."

"ఆ నలభైకి మంచి కత్తెర వస్తుందా పెద్దమ్మా?"

"శిబిరంలో ఉందిగా?"

ఆర్లెన్ పీలికను భద్రంగా జేబులో పెట్టుకున్నాడు.

"అది అంచులకే సరిపోతుంది. బావ చొక్కాని కాలర్ దాకా కత్తిరించాలి."